మూడు ఊళ్లు, మూడు వాచీలు, ఒక వాచీ మామ

బెంగళూరులో రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి ప్రొద్దుటూరు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నాకు ఇదే రూటు. పండక్కి, పెళ్లికి, ఓటుకు. ఈసారి మాత్రం వాచీల కోసం వెళ్లాను.

వారం ముందు అత్త ఫోన్ చేసింది. సొంత అత్త కాదు. బంగారు అంగళ్ల పక్క సందులో వాచీలు బాగుచేసే మామ భార్య. ఆయన మాకు చుట్టం కాదు. మా వైపు వరసలు కలుపుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. నాకంటే ముప్పై అయిదేళ్లు పెద్ద. అయినా ఊళ్లో నీ ఫ్రెండ్ ఎవరని అడిగితే ఆయన పేరే ముందు చెప్పేవాణ్ని.

"మామ పోయి నలభై రోజులు దాటింది నాయనా. నెలాఖరుకు అంగడి ఖాళీ చేయాల. సొరుగులో మూడు వాచీలు రిపేరై ఉండాయి. ఒకటి జమ్మలమడుగు, ఒకటి పులివెందుల. మూడోది నీదే. వస్తావా?"

మామ పోయిన సంగతి మరుసటి రోజే వాట్సాప్‌లో తెలిసింది నాకు. ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంది. వెళ్లలేదు. లీవ్ అడిగితే ఇచ్చేవాళ్లే. నేను అడగలేదు. అది ముందే చెప్పేస్తే మంచిది.

పేరులోనే పొద్దున్న ఊరు

రాసేటప్పుడు ప్రొద్దుటూరు. నోటితో అనేటప్పుడు పొద్దుటూరే. పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే టైమ్ కూడా. పొద్దు గుంకింది అంటాం, పొద్దు పోవడం లేదు అంటాం. పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊరికి బంగారం, బట్టల వ్యాపారం వల్ల రెండో బొంబాయి అని పేరు. "పేరులోనే పొద్దు పెట్టుకున్న ఊళ్లో వాచీలోనికి బువ్వ దొరక్కపోతాదా?" అని మామ నవ్వేవాడు.

అంగడి అంటే పెద్దదేం కాదు. మెట్ల కింద నాలుగడుగుల చోటు. ఒక బల్ల, బల్ల మీద అద్దం, ఒక దీపం, కన్నుకు బిగించుకునే భూతద్దం, నాలుగైదు పట్టకార్లు, గిన్నెలో పెట్రోలు. నేల కడప బండలు. ఇసుక గింజంత స్క్రూ జారి ఆ నల్ల బండల మీద పడితే మామ ఫ్యాన్ ఆపించి, ఎవరినీ అడుగు కదపనీయకుండా, అయస్కాంతం పట్టుకుని మోకాళ్ల మీద వెతికేవాడు. ఒకసారి ఒక్క స్క్రూ కోసం గంటన్నర వెతికాం. చివరికి అది నా చెప్పుకు అంటుకుని ఉంది.

నేను మొదటిసారి ఆ అంగడికి వెళ్లింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో. మా అబ్బ, అంటే మా నాయన వాళ్ల నాయన, చేతికి కట్టుకునే హెచ్‌ఎంటీ జనతా ఆగిపోయింది. "మామా, దీనికి బ్యాటరీ మార్చాల" అన్నాను.

ఆయన వాచీ తిప్పి చూసి, నా వైపు చూసి, "దీనికి బ్యాటరీ నువ్వే అల్లుడూ. పొద్దున్నే లేచి కీ తిప్పాల" అన్నాడు.

అప్పటికి నాకు బేసిక్ ఎలక్ట్రానిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి!

రోజుకు 4,32,000

కాలేజీ అయిపోయాక సాయంత్రాలు ఆ అంగడి ముందు స్టూలు మీదే గడిచేవి. వెనక మూత తీసి చూపించేవాడు. చుట్టుకుని ఉన్న మెయిన్ స్ప్రింగ్ మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తోస్తుంది. ఆ తోపు ఒక్కసారిగా అయిపోకుండా చిన్న కొక్కెం లాంటి ముక్క ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది. చివర బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతుంది. వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. మనకు వినబడే టిక్ టిక్ ఆ కొక్కెం చేసేదే. రాపిడి ఎక్కువ ఉండే చోట్ల కెంపులు పెడతారు. డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉండేది వాటి లెక్కే. ఫ్యాక్టరీలో తయారయ్యే కెంపులు. అమ్మితే ఏమీ రాదు.

"జనతా సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటాది. రోజుకు ఎన్ని?" అని అడిగాడు ఒకరోజు.

ఫోన్‌లో లెక్కేశాను. 4,32,000.

"కలియుగం ఎన్నేండ్లు?"

అదీ గూగుల్ చేశాను. 4,32,000 సంవత్సరాలు. నేను నోరు తెరిచి చూస్తుంటే ఆయన తల కూడా ఎత్తకుండా, "రోజూ పొద్దున నువ్వు కీ తిప్పితే ఒక కలియుగం నడుస్తాది. మర్చిపోవద్దు" అన్నాడు.

హెచ్‌ఎంటీ కథ కూడా ఆయన దగ్గరే విన్నాను. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత పాతికేళ్లు మన దేశంలో వాచీ అంటే హెచ్‌ఎంటీనే. అల్లుడికి పెట్టాలన్నా, మేష్టారు రిటైరైనా, కొడుక్కి ఉద్యోగం వచ్చినా అదే. ఈలోగా 1969లో జపాన్‌లోనే సీకో క్వార్ట్జ్ చేతి వాచీ తెచ్చింది. 1987లో మన దగ్గర టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో వచ్చింది. తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది.

క్వార్ట్జ్ మీద ఆయనకు కోపం ఉంటుందని అనుకున్నాను. లేదు. క్వార్ట్జ్ వాచీలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుందని, అది రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అని, దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒక్క సెకను మిగులుతుందని నేను చెబితే పని ఆపి విన్నాడు. "అంటే మీ కంప్యూటరోళ్ల లెక్కే గదా ఇది" అని మురిసిపోయాడు. ఆ తర్వాత చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. ఆయన చేతికి ఉన్నది చవక క్వార్ట్జ్ వాచీ!

"మరి మీ వాచీలకు టైమ్ దేన్ని చూసి పెట్టాల?"

సొరుగు, డబ్బా, పుస్తకం

ఈసారి వెళ్లేసరికి బల్ల మీద దీపం లేదు. అత్త మూడు వాచీలు మూడు కవర్లలో పెట్టి ఉంచింది. పక్కన ఒక పెద్ద రేకు డబ్బా. మామ నలభై ఏళ్లుగా కూడబెట్టిన విడిభాగాలు అందులో ఉన్నాయి. ఆగిపోయిన వాచీల చక్రాలు, ముళ్లు, కీలు, డయల్స్.

"ఏజెంటు వచ్చి అడిగిపోయినాడు. మొత్తం తీసుకపోతానన్నాడు" అంది అత్త.

నాకు తెలుసు అవి ఎక్కడికి పోతాయో. పాత హెచ్‌ఎంటీలకు, ఫావ్రే లూబాలకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో గిరాకీ ఉంది. ఒక వాచీ మిషన్, ఇంకో వాచీ ముళ్లు కలిపి, డయల్‌కు మెరిసే రంగు కొట్టి, అసలు ఫ్యాక్టరీలో ఎన్నడూ తయారుకాని రంగుల్లో 'వింటేజ్' అని అమ్ముతారు. వాచీల పిచ్చి ఉన్నవాళ్లు వాటిని 'ముంబై స్పెషల్' అంటారు. మామ కూడా చచ్చిన వాచీ నుంచి తీసి బతికే వాచీకి వేసేవాడే. వేరే దారి లేదు, కంపెనీనే లేదు కదా. కానీ ఏ ముక్క ఎక్కడి నుంచి తెచ్చి వేశాడో చీటీ మీద రాసిచ్చేవాడు. చెప్పి వేస్తే రిపేరు, చెప్పకుండా వేస్తే మోసం అనేవాడు.

"అమ్మొద్దు అత్తా" అన్నాను వెంటనే.

ఆమె నన్ను కాసేపు చూసింది. "ఉంచుకుని ఏం చేయాల నాయనా? నువ్వొచ్చి కూర్చుంటావా ఈ బల్ల దగ్గర?"

నా దగ్గర జవాబు లేదు. కూర్చోవడం నేర్పిస్తానని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. "నీ చేయి వణకదు అల్లుడూ, ఆరు నెల్లు కూర్చుంటే వస్తాది" అనేవాడు. నేను బెంగళూరు బస్సెక్కాను. డబ్బా ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయింది. ఆమెకు ఆ డబ్బు అవసరం. అందులో నాకు కోపగించుకునే హక్కేమీ లేదు.

పుస్తకం మాత్రం నా చేతికిచ్చింది. గీతల నోటు పుస్తకం. తేదీ, వాచీ, జబ్బు, వైద్యం. చివరి పేజీల్లో నా వాచీ ఉంది. అబ్బ పోయాక అది నాకు వచ్చింది. రెండేళ్ల కిందట బాత్రూమ్‌లో జారిపడి లోపల బ్యాలెన్స్ ఇరుసు విరిగితే ఇచ్చి వెళ్లాను. సరిపోయే ముక్క దొరకాలి, తొందర లేదు అన్నాను.

పుస్తకంలో ఇలా ఉంది: "జనతా. అల్లుడిది. బ్యాలెన్స్ వేరే జనతాది వేసినా. రోజుకు 20 సెకన్లు ముందు. ఫోన్ చేసినా. పనిలో ఉండాడు. మళ్లీ చేస్తాడు."

నాకు ఆ ఫోన్ గుర్తుంది. మీటింగ్‌లో ఉండి కట్ చేశాను. 'తర్వాత చేస్తా' అని రెడీగా ఉండే మెసేజ్ ఒకటి పంపాను. చేయలేదు. ఆ ఎంట్రీ తేదీకీ ఆయన పోయిన రోజుకూ మధ్య పదకొండు రోజులు ఉన్నాయి.

జమ్మలమడుగు: వేళ్లతో చూసే టైమ్

మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కాను. 2016లో ఎర్రగుంట్ల, నంద్యాల రైలు మార్గం మొదలయ్యాక ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు స్టేషన్లు వచ్చాయి. అయినా మాకు పల్లె వెలుగు బస్సే అలవాటు. టూరిస్టులకు జమ్మలమడుగు అంటే గండికోటకు పోయేటప్పుడు టీ తాగే ఊరు. పెన్నా ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన లోయను చూడటానికి బెంగళూరు బైకులన్నీ ఈ ఊరి మీదుగానే పోతాయి. నేనూ ఫ్రెండ్స్‌తో నాలుగుసార్లు పోయాను. ఆ ఊరి వీధుల్లోకి నడవడం మాత్రం ఇదే మొదలు.

కవర్‌లో ఉన్నది హెచ్‌ఎంటీ బ్రెయిలీ వాచీ. చూపులేని వాళ్ల కోసం చేసింది. అద్దం మూత తెరుచుకుంటుంది. అంకెల చోట ఉబ్బెత్తు చుక్కలు ఉంటాయి. వేలితో ముళ్లను, చుక్కలను తాకి టైమ్ తెలుసుకోవాలి. సొంతదారు ఒక రిటైర్డ్ టీచర్. అరుగు మీద కూర్చుని ఉన్నారు. కవర్ చేతిలో పెట్టగానే మూత తెరిచి తడిమారు.

"మూడుంబావు" అన్నారు. నా ఫోన్‌లో 3:16.

ఇన్నేళ్లు తాకీ తాకీ ముల్లు వదులైపోయి, వేలు పెడితే పక్కకు జరిగిపోయేదట. అంటే టైమ్ చూసిన ప్రతిసారీ టైమ్ మారిపోయేది. మామ దాన్ని బిగించాడు. మరీ బిగిస్తే టైమ్ సరిచేసేటప్పుడు తిరగదు. కొంచెం వదిలితే మళ్లీ జరుగుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఆపాలి.

"ఫోన్ టైమ్ చెప్తాది గదా సార్ ఇప్పుడు?" అని అడిగేశాను. అడిగాక అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

ఆయన నవ్వారు. "ఫోన్ చెప్తే ఊరంతా వింటాది నాయనా. ఎవరింటికన్నా పోయినప్పుడు నేను టైమ్ చూసుకుంటాండానని వాళ్లకు తెలియాల్నా? ఇది నాకొక్కడికే చెప్తాది."

యాక్సెసిబిలిటీ ఫీచర్ల మీద నేను ఏడాదిగా పనిచేస్తున్నాను. ఈ మాట మా టీమ్‌లో ఎవరూ అనగా వినలేదు.

వచ్చేటప్పుడు ఆయన ఇంకో సంగతి చెప్పారు. మామ ఈ వాచీ మొదటిసారి తీసుకున్నప్పుడు వారం రోజులు కళ్లు మూసుకుని వేలితో టైమ్ చెప్పడం ప్రాక్టీసు చేశాడట. లేకపోతే బాగైందో లేదో నాకెట్ల తెలుస్తాది అన్నాడట. ఏడేళ్ల స్నేహంలో ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పులివెందుల: చీకట్లో వెలిగిన డయల్

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి దీపాలు పెట్టారు. దారి పొడుగునా మొదట బండరాళ్లు, తర్వాత అరటి, చీనీ తోటలు. మూడో కవర్‌లో ఉన్నది వెస్ట్ ఎండ్. 1886 నాటి నుంచి వస్తున్న స్విస్ పేరు. పాత డయల్స్ మీద బొంబాయి, కలకత్తా అని కూడా రాసి ఉంటుంది. బ్రిటిష్ కాలంలో సైన్యంలో, రైల్వేల్లో పనిచేసినవాళ్ల చేతులకు ఎక్కువగా ఉండేది. ఇది ఒక పెద్దావిడ తండ్రిది. ఆయన మిలటరీలో పనిచేశాడు.

ఆమె మనవడు నా వయసు వాడే. వాచీ తీసి చూసి ముఖం మాడ్చాడు. "డయల్ అట్లే ఉందే అన్నా! కొత్త రంగు వేయమని చెప్పింటిమి."

చీటీ చూపించాను. మామ అక్షరాలు: "డయల్ ముట్టుకోవద్దు. రేడియం."

ఇది మీకూ ఉపయోగపడే సంగతి. 1960లకు ముందు చాలా వాచీల్లో అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు వేసేవారు. వందేళ్ల కిందట అమెరికా ఫ్యాక్టరీల్లో ఆ రంగు వేసే అమ్మాయిలు చాలామంది కుంచె మొన పెదాలతో సన్నగా చేసుకుంటూ జబ్బుపడి చనిపోయారు. కొన్నేళ్లకు ఆ వెలుగు ఆరిపోతుంది. రేడియం మాత్రం అందులోనే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. మూత బిగించి ఉన్నంతవరకు పెద్ద భయం లేదు. తెరిచి గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మనవడికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పులివెందుల పక్కనే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. రేడియం పుట్టేది యురేనియం నుంచే. "అయితే మా ఊరి సరుకే" అన్నాడు. నవ్వుకున్నాం.

పెద్దావిడ అప్పటిదాకా మాట్లాడలేదు. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత గోడ గడియారం చూసి, కీ పైకి లాగి, ముల్లు తిప్పింది. చూస్తే సరిగ్గా పది నిమిషాలు ముందుకు పెట్టింది!

"అవ్వా, అది కరెక్టుగానే ఉంది" అన్నాను.

"తెలుసు నాయనా. మా నాయన ఎప్పుడూ పది నిమిషాలు ముందే పెట్టుకునేటోడు. బస్సు తప్పిపోకూడదని."

భూతద్దం పెట్టుకుని, సెకన్ల తేడా కోసం రోజుల తరబడి కూర్చున్న మామ ఇది చూసుంటే పడిపడి నవ్వేవాడు. బాకీ ఎంత అని అడిగింది. చీటీ వెనక మూడు వందలు అని ఉంది. ఐదు వందలు చేతిలో పెట్టి, "ఆయనకు ఇయ్యి" అంది. ఆయన లేడని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆమె నోటు వెనక్కి తీసుకోలేదు. "అయితే ఆయమ్మకు ఇయ్యి" అంది.

ఆదివారం లెక్క

అక్కడి నుంచే రాత్రి బెంగళూరు బస్సెక్కాను. మీ ఇంట్లో బీరువాలో తాతదో నాయనదో వాచీ ఉంటే మామ చెప్పే నాలుగు మాటలు ఇవి. ఏళ్ల తరబడి ఆగిన వాచీకి ఉత్సాహంగా కీ తిప్పొద్దు, లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, ముందు కడిగించాలి. కీ రోజూ ఒకే టైమ్‌కు, చేతి నుంచి తీసి తిప్పాలి. స్పీకర్ల మీద, వైర్‌లెస్ ఛార్జర్ల మీద పెట్టొద్దు, అయస్కాంతం పడితే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరిగెత్తుతుంది. డయల్‌కు రంగు వేయించొద్దు. ఇంకొక మాట నేను చేరుస్తాను. బాగుచేసే మనిషి మీ ఊళ్లో ఇంకా ఉంటే ఈ నెలలోనే వెళ్లండి.

నేను ఇప్పుడు పొద్దున ఎనిమిదికి జనతాకు కీ తిప్పుతాను. మామ రాసినట్టే రోజుకు ఇరవై సెకన్లు ముందుకు పోతుంది. ఆదివారం ఫోన్ చూసి సరిచేస్తాను. తర్వాత అత్తకు ఫోన్ చేస్తాను. మొదటి ఆదివారం ఏం మాట్లాడాలో తెలియక వాచీ సంగతే చెప్పాను. ఇప్పుడు ఆమే అడుగుతుంది.

"ఈ వారం ఎంత ముందుంది నాయనా?"

"రెండు నిమిషాల ఇరవై సెకన్లు అత్తా."

"అయితే బాగానే నడుస్తాంది."